పల్నాటి వేసవిలో మాటిమాటికీ ఆగే ఏసీ: 'కటాఫ్', 'ట్రిప్'ల భేదం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

చలిదేశాల ఇళ్లలో గదులను వేడి చేసే బాయిలర్ నిమిషాల వ్యవధిలో వెలుగుతూ ఆరుతూ ఉండటం అక్కడి గృహయంత్ర శాస్త్రంలో చాలాకాలంగా చర్చకు వస్తున్న సమస్య. పల్నాడులో ఇంటిని వేడి చేసే అవసరం లేదు; చల్లబరచుకోవడమే ఇక్కడి అవసరం. అయితే అదే సమస్య ఏసీ కంప్రెసర్ రూపంలో నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ఇళ్లలోనూ కనిపిస్తుంది. ఏసీ తరచుగా ఆగడానికి పరస్పర విరుద్ధమైన రెండు కారణాలు ఉంటాయనీ, వాటిని వేరుచేయకుండా చేసే మరమ్మతు సమస్యను పెంచుతుందనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: పల్నాడు, ఏసీ, కంప్రెసర్, థర్మోస్టాట్, ఉష్ణధారణ, వోల్టేజి, నాపరాయి, సున్నం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లా నుండి విడివడి నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాకు వేసవి కొత్త కాదు. వాతావరణ విభాగం పరిశీలన కేంద్రం ఉన్న రెంటచింతల పేరు ఏప్రిల్, మే నెలల వార్తల్లో రాష్ట్రమంతటికీ పరిచితమే. ఒకపక్క నల్లమల కొండలు, మరోపక్క కృష్ణానది, నడుమ సున్నపురాతి నేల. పగలంతా కాగిన రాయి, శ్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటాయి. ఇటువంటి చోట ఏసీ కొనే కుటుంబం సహజంగానే "గది చిన్నదే అయినా కాస్త పెద్దది తీసుకుందాం" అనుకుంటుంది. ఈ ఆలోచన వెనుక అనుభవం ఉంది, తర్కమూ ఉంది. చిక్కంతా ఆ తర్కం సంవత్సరంలో కొన్ని గంటలకే వర్తించడంలో ఉంది.

కొన్న ఒకటి రెండేళ్లకు "ఏసీ మాటిమాటికీ ఆగిపోతోంది" అన్న ఫిర్యాదు మొదలవుతుంది. ఈ ఒక్క వాక్యం కింద రెండు వేర్వేరు స్థితులు దాగి ఉన్నాయి. మెకానిక్కుల వాడుకలో వీటికి రెండు పేర్లు ఉండటం గమనార్హం. గది కోరిన చల్లదనానికి చేరుకోగానే కంప్రెసర్ తనంతట తాను ఆగితే అది 'కటాఫ్'. చల్లబరిచే పని పూర్తికాకముందే వేడివల్లో, ఒత్తిడివల్లో, కరెంటు హెచ్చుతగ్గులవల్లో రక్షణ కోసం ఆగితే అది 'ట్రిప్'. మొదటిది పని ముగిసిన విరామం. రెండవది పని చేయలేని నిస్సహాయత. గదిలో కూర్చున్నవారికి రెండూ ఒకే నిశ్శబ్దంగా వినిపిస్తాయి.

2. బాయిలర్ నుండి ఏసీకి – ఒకే సూత్రం:

'థర్మోస్టాట్' అన్న పదాన్ని 1830లో ఆండ్రూ యూర్ వాడుకలోకి తెచ్చాడు. విద్యుత్తుతో పనిచేసే గది థర్మోస్టాట్‌కు అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, వైట్‌వాటర్ నార్మల్ స్కూలులో పాఠాలు చెప్పే వారెన్ జాన్సన్ 1883లో పేటెంటు పొందాడు. తరగతి గదిలోకి పనివాడు పదేపదే వచ్చి వేడిని సరిచూడవలసి రావడం ఆయనను ఆ ఆలోచన వైపు నడిపించిందని చెబుతారు. ఒక అధ్యాపకుని ఇబ్బందిలోంచి పుట్టిన ఈ చిన్న పరికరమే నేడు బాయిలర్‌నూ, ఫ్రిజ్‌నూ, ఏసీనీ నడిపిస్తున్నది.

థర్మోస్టాట్ చేసే పని చాలా సాదా. 24 డిగ్రీలు కోరితే అది సరిగ్గా 24 దగ్గర నిలబెట్టదు. ఉష్ణోగ్రత 25 దాకా పెరగనిచ్చి యంత్రాన్ని నడుపుతుంది. 23కు దిగాక ఆపుతుంది. ఈ రెండు డిగ్రీల అంతరం లేకపోతే యంత్రం క్షణక్షణం ఆగి కదులుతుంది. కనుక ఆగి నడవడం దోషం కాదు, దాని స్వభావమే. ఎంతసేపు నడిచి ఎంతసేపు ఆగుతోందన్నదే ప్రశ్న.

ఆ కాలాన్ని మూడు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది యంత్రం శక్తి. రెండవది గదిలోకి గోడలు, శ్లాబు, కిటికీలు, మనుషుల ద్వారా వచ్చే వేడి. దీనిని ఉష్ణభారం అనవచ్చు. మూడవది గది తనలో వేడిని నిలుపుకొనే సామర్థ్యం, అంటే ఉష్ణధారణ. యంత్రం నడిచే కాలం దాని శక్తికీ ఉష్ణభారానికీ గల తేడాపై ఆధారపడుతుంది. తేడా ఎక్కువైతే గది త్వరగా చల్లబడి యంత్రం త్వరగా ఆగుతుంది. ఆగి ఉండే కాలం ఉష్ణభారం మీదనే ఆధారపడుతుంది. ఈ రెంటినీ కలిపి లెక్కించినప్పుడు ఒక ఆసక్తికరమైన ఫలితం వస్తుంది: ఉష్ణభారం యంత్రశక్తిలో సరిగ్గా సగం ఉన్నప్పుడు గంటకు అత్యధికసార్లు ఆగి కదులుతుంది. భారం అంతకన్నా పెరిగినా తగ్గినా ఆ సంఖ్య తగ్గుతుంది. అవసరానికి రెండింతల బాయిలర్ పెట్టుకున్న ఇంగ్లండు ఇంటికీ, రెండింతల ఏసీ పెట్టుకున్న పిడుగురాళ్ల ఇంటికీ ఈ సూత్రం ఒక్కటే.

3. ఒక గది లెక్క:

పన్నెండు చదరపు మీటర్ల వైశాల్యం, మూడు మీటర్ల ఎత్తు గల గదిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులోని 36 ఘనమీటర్ల గాలి ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ మార్చడానికి సుమారు 43 కిలోజౌళ్లు చాలు. గాలి ఒక్కటే ఉంటే ఏ యంత్రమైనా క్షణాల్లో ఆగిపోవలసిందే. మంచం, బీరువా, గోడల పైపొర, నేల కూడా కొంత వేడిని పంచుకుంటాయి కనుక గది మొత్తం మీద డిగ్రీకి 300 కిలోజౌళ్లు అనుకుందాం. ఇది లెక్క కోసం ఎంచుకున్న విలువ. గది గదికీ మారుతుంది. థర్మోస్టాట్ అంతరం రెండు డిగ్రీలు కాబట్టి ఒక్కో విడతలో 600 కిలోజౌళ్ల లావాదేవీ జరుగుతుంది.

ఒక టన్ను ఏసీ అంటే సుమారు 3.5 కిలోవాట్ల శీతలీకరణ శక్తి. 'టన్ను' అన్న మాటకు యంత్రం బరువుతో సంబంధం లేదు. అమెరికా కొలత ప్రకారం ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి తీసుకునే వేడి అది. మంచు దిమ్మెలతో చల్లబరిచిన కాలం భాషలో మిగిల్చిన గుర్తు. ఒకటిన్నర టన్ను అంటే 5.3 కిలోవాట్లు.

మే నెల మధ్యాహ్నం ఈ గదిలోకి 3 కిలోవాట్ల వేడి వస్తుందనుకుంటే, ఒకటిన్నర టన్ను యంత్రం నాలుగుంపావు నిమిషాలు నడిచి, మూడు నిమిషాలకు పైగా ఆగుతుంది. గంటకు సుమారు ఎనిమిది సార్లు. అదే గదిలో ఒక టన్ను యంత్రం ఇరవై నిమిషాలు ఏకధాటిగా నడిచి, మూడు నిమిషాలకు పైగా ఆగుతుంది. గంటకు రెండు మూడు సార్లు మాత్రమే. తెల్లవారుజామున భారం 1.2 కిలోవాట్లకు దిగితే పెద్ద యంత్రం రెండున్నర నిమిషాలు కూడా నడవదు, ఎనిమిది నిమిషాలకు పైగా పడుకుంటుంది.

అయితే పల్నాటి వేసవికి ఇక్కడొక సవరణ అవసరం. ఏసీ శక్తిని కొలిచే ప్రామాణిక పరీక్షలో బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. వార్షిక సామర్థ్యాన్ని లెక్కించి నక్షత్రాలు ఇచ్చే భారతీయ విధానం కూడా 24 నుండి 43 డిగ్రీల మధ్య, ఏడాదికి 1,600 గంటల వాడుకను ప్రాతిపదికగా తీసుకుంటుంది. మాచర్లలో 45 డిగ్రీల ఎండలో అదే యంత్రం చల్లబరిచే శక్తి తగ్గుతుంది, వాడే కరెంటు పెరుగుతుంది. స్థిరవేగపు యంత్రంలో శక్తి పదోవంతు తగ్గిందనుకుంటే పై లెక్కలోని ఒక టన్ను ఏసీ మధ్యాహ్నమంతా దాదాపు ఆగకుండా నడుస్తుంది. "ఏసీ కటాఫ్ కావడం లేదు" అని మెకానిక్కును పిలిచేది ఇటువంటి రోజునే. నిజానికి ఆ రోజు అది తన పని తాను చేస్తున్నది. ఆ ఒక్క మధ్యాహ్నాన్ని గెలవడానికి కొన్న పెద్ద యంత్రం మిగిలిన నెలలన్నీ పదేపదే ఆగుతుంది.

4. తరచు కటాఫ్ వల్ల నష్టమేమిటి?

కంప్రెసర్ కదిలే క్షణంలో మోటారు తీసుకునే కరెంటు మామూలుగా నడిచేటప్పటికన్నా ఐదారు రెట్లు ఎక్కువ. స్థిరవేగపు మోటారు తీగచుట్లకూ, కెపాసిటర్‌కూ, రిలేకూ ఆ క్షణాలే పరీక్ష. పైగా ప్రతి విడతలోనూ మొదటి నిమిషం లోపలి కాయిల్ చల్లబడటానికే సరిపోతుంది. ఆ కాలంలో ఖర్చయిన కరెంటుకు తగిన చలువ గదికి అందదు.

పాశ్చాత్య గ్రంథాలు ఈ సందర్భంలో తేమను ప్రధానంగా ప్రస్తావిస్తాయి. కాయిల్ తగినంత చల్లబడి, దానిపై చేరిన తేమ నీటిబొట్లుగా జారి గొట్టం గుండా బయటికి పోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతకుముందే కంప్రెసర్ ఆగి, లోపలి ఫ్యాను తిరుగుతూనే ఉంటే ఆ నీరు తిరిగి ఆవిరై గదిలోకే వస్తుంది. గది చల్లగానే ఉన్నా ఒళ్లు జిగటగా ఉంటుంది. ఈ వాదనను పల్నాడుకు యథాతథంగా అన్వయించడం సరికాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి వడగాలి పొడిగాలి. తేమ తీయవలసిన పని స్వల్పం. అందుకే ఆ రోజుల్లో నీటి కూలర్లు కూడా బాగా పనిచేస్తాయి. వర్షాలు పడ్డాక, కాలువ నీరు పారి పొలాలు తడిసిన ఆగస్టు నుండి అక్టోబరు వరకు ఇదే యంత్రం తేమ విషయంలో విఫలమవుతుంది. బయట ఉష్ణోగ్రత తగ్గి భారం చిన్నదవుతుంది, తేమ మాత్రం పెరుగుతుంది. అప్పుడు ఇంటివారు ఉక్కపోతకు విరుగుడుగా రిమోట్‌పై 18 నొక్కుతారు. యంత్రం ఎక్కువసేపు నడిచి కొంత తేమ తీస్తుంది, కానీ దుప్పటి కప్పుకోవలసి వస్తుంది!

5. ట్రిప్: వినికిడితో చేసే నిర్ధారణ

రెండవ స్థితి మరింత ప్రమాదకరం, ఖర్చుతో కూడినది. దీనిని గుర్తించడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. బయటి యూనిట్ పక్కన నిలబడి వింటే చాలు.

పాతకాలపు స్థిరవేగ ఏసీలో కటాఫ్ అయినప్పుడు బయటి యూనిట్‌లో కంప్రెసర్, ఫ్యాను రెండూ కలిసి ఆగుతాయి. గది కోరిన చల్లదనానికి దరిదాపుల్లో ఉంటుంది. ఆగే వ్యవధుల్లో ఒక క్రమం ఉంటుంది. ట్రిప్ అయినప్పుడు సాధారణంగా బయటి ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్రెసర్ గుర్రుమనే శబ్దం మాత్రం ఆగుతుంది. లోపల గది ఇంకా వేడిగానే ఉంటుంది. కంప్రెసర్ మోటారు మితిమీరి వేడెక్కినప్పుడు దానికున్న ఓవర్‌లోడ్ రక్షణ తెరుచుకుని, చల్లారాక మూసుకోవడమే ఇందుకు కారణం. ఇక లోపలి యూనిట్‌తో సహా మొత్తం ఆగి, కొద్ది నిమిషాలకు మళ్లీ మొదలైతే అనుమానించవలసింది ఏసీని కాదు, స్టెబిలైజర్‌నూ దానికి వచ్చే వోల్టేజినీ.

వోల్టేజి విషయం పల్లెల్లో, ఊరి చివర ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. మోటారును కదిలించే బలం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 230 వోల్టులకు బదులు 180 వస్తే వోల్టేజి తగ్గింది ఇరవై రెండు శాతమే అయినా, కదిలించే బలం 61 శాతానికి పడిపోతుంది. కంప్రెసర్ మూలుగుతుంది, కదలదు, వేడెక్కి ట్రిప్ అవుతుంది. మరొక విషవలయం కూడా ఉంది. స్తంభం నుండి ఇంటికి వచ్చే తీగ సన్నగా, పొడవుగా ఉండి, దాని నిరోధం 0.6 ఓమ్‌లు అనుకుంటే, కంప్రెసర్ కదిలేటప్పుడు తీసుకునే 40 ఆంపియర్లకు 24 వోల్టులు తీగలోనే పోతాయి. అప్పటిదాకా 200 చూపిన స్టెబిలైజర్ 176కు దిగి, తక్కువ వోల్టేజి అని ఆపివేస్తుంది. భారం తీసేయగానే మళ్లీ 200 కనిపిస్తుంది, మళ్లీ కలుపుతుంది. ఇంట్లోవారు చూసేసరికి మీటరు మీద అంకె బాగానే ఉంటుంది! కదిలే క్షణంలో ఏమవుతోందో చూడాలి తప్ప ఆగి ఉన్నప్పుడు కాదు.

మరో కారణం బయటి యూనిట్ ఊపిరాడకపోవడం. గది నుండి తోడిన వేడినంతా అది బయటి గాలికి ఇవ్వాలి. పడమటి ఎండ నేరుగా పడే చోట, గ్రిల్లుకు గుడ్డ కట్టిన బాల్కనీలో, రెండు గోడల సందులో బిగిస్తే తాను వదిలిన వేడిగాలినే తాను తిరిగి పీలుస్తుంది. అప్పుడు ఊళ్లో 44 డిగ్రీలే అయినా కండెన్సర్ ముందు అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల పరిసరాల్లో దీనికి దుమ్ము తోడవుతుంది. సున్నపు ధూళి మామూలు మట్టి వంటిది కాదు. తడి తగిలితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. పైగా క్షారం కనుక అల్యూమినియం రేకులను తినివేస్తుంది. ఏడాదికొకసారి శుభ్రం చేయించాలన్న సాధారణ సూచన ఇక్కడ చాలదు. ముందు పొడిగా బ్రష్‌తో దులిపి, తరువాత ధారాళంగా నీటితో కడగాలి. కొద్దిగా నీళ్లు చిలకరించి వదిలితే పూత పెట్టినట్లే అవుతుంది.

నిర్ధారణ జరగకుండా చేసే చికిత్సల్లో సర్వసాధారణమైనది 'గ్యాస్ నింపడం'. గ్యాస్ నిజంగా తగ్గితే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, చలువ తగ్గుతుంది. అప్పుడు కారే చోటు వెతికి మూసి నింపడం సరైనదే. కానీ బయటి యూనిట్ ఊపిరాడక ట్రిప్ అవుతున్న యంత్రంలో అదనపు గ్యాస్ పడితే ఒత్తిడి మరింత పెరిగి ఇంకా త్వరగా ట్రిప్ అవుతుంది. రెండవ పొరపాటు అంతకన్నా ఖరీదైనది: "ఇది చాలడం లేదు" అని రెండు టన్నుల యంత్రం కొనడం. అది స్థిరవేగపు యంత్రమైతే ఎక్కువ ప్రారంభ కరెంటు తీసుకుంటుంది. సన్నని తీగ మీద వోల్టేజి ఇంకా పడిపోతుంది. మధ్యాహ్నం ట్రిప్ పోదు, రాత్రి కటాఫ్ తోడవుతుంది. కుటుంబం రెండు జబ్బులనూ డబ్బిచ్చి కొనుక్కున్నట్లవుతుంది.

కనుక మెకానిక్కును పిలవడానికి ముందు ఒక రోజు మధ్యాహ్నం, ఒక రోజు రాత్రి గంటసేపు చొప్పున నాలుగు వివరాలు రాసుకోవడం మేలు: కంప్రెసర్ కదిలిన సమయం, ఆగిన సమయం, ఆగినప్పుడు గది ఉష్ణోగ్రత, కదిలే క్షణంలో స్టెబిలైజర్ చూపిన వోల్టేజి. సాధారణ గోడ ఉష్ణమాపకం ఇందుకు సరిపోతుంది. మూడు నిమిషాల్లోపే ఆగి మళ్లీ కదలడం కనిపిస్తే యంత్రాన్ని అప్పటికి ఆపివేయడమే క్షేమం. కంప్రెసర్‌లో రెండు వైపుల ఒత్తిళ్లు సమం కావడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. స్టెబిలైజర్లలోనూ ఏసీలలోనూ ఆలస్యంగా కలిపే ఏర్పాటు ఉండేది అందుకే.

6. ఇన్వర్టర్ ఏసీ – పరిమితి:

కంప్రెసర్ వేగాన్ని భారానికి తగినట్లు మార్చుకునే ఇన్వర్టర్ యంత్రాలు ఈ సమస్యను చాలావరకు తగ్గించాయి. మెల్లగా కదులుతాయి కనుక ప్రారంభ కరెంటు తాకిడి ఉండదు. కానీ ఆ తగ్గుదలకూ ఒక అడుగు ఉంది. కనీస వేగం వద్ద యంత్రం ఇచ్చే చలువ గది భారాన్ని మించితే ఇన్వర్టర్ కూడా ఆగి కదులుతుంది. మంటను తగ్గించుకోగల ఆధునిక బాయిలర్లలోనూ సరిగ్గా ఇదే పరిమితి. కొనేటప్పుడు గరిష్ఠ శక్తినే కాక కనిష్ఠ శక్తి ఎంతో కూడా వివరపత్రంలో చూడాలి. అంగడిలో ఎవరూ అడగని అంకె అదే.

7. గది వైపు నుండి పరిష్కారం – నాపరాయి, సున్నం:

యంత్రాన్ని మార్చలేనప్పుడు గదిని మార్చవచ్చు. మాచర్ల ప్రాంతపు నాపరాయి నేల ఇక్కడ కొంత సహాయపడుతుంది. పన్నెండు చదరపు మీటర్ల నేలపై నాలుగు సెంటీమీటర్ల మందాన పరిచిన నాపరాళ్ల బరువు సుమారు 1,250 కిలోలు. డిగ్రీకి దాదాపు 1,000 కిలోజౌళ్ల వేడిని ఇముడ్చుకోగలదు. గదిలోని గాలికి ఇది ఇరవై రెట్లకు పైమాటే. నిమిషాల వ్యవధిలో పైపొర మాత్రమే స్పందిస్తుంది కనుక మొత్తం లాభం దక్కదు, అయినా ఆగి నడిచే కాలాలను అది సాగదీస్తుంది. దానిని దళసరి తివాచీతో కప్పినా, శ్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేసి గది ఘనపరిమాణాన్ని తగ్గించినా పాత ఏసీ మునుపటికన్నా త్వరగా ఆగడం మొదలవుతుంది. అలంకరణ తరువాత "ఏసీ చెడిపోయింది" అనుకోవడానికి ఇదొక కారణం కావచ్చు.

కోరే ఉష్ణోగ్రతను పెంచడం తేలికైన మార్గం. 2020 జనవరి 1 నుండి దేశంలో గది ఏసీలు 24 డిగ్రీల అమరికతోనే తయారై రావాలన్న నియమం ఉంది. 26 వద్ద ఉంచి పై ఫ్యాను వేసుకుంటే వేసవి మధ్యాహ్నం కండెన్సర్‌పై భారం తగ్గి ట్రిప్‌లు తగ్గుతాయి.

ఇక డాబా మీద సున్నం. తెల్లని పైకప్పు ఎండను తిప్పికొట్టి శ్లాబును చల్లగా ఉంచుతుందన్నది తెలిసినదే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది. పిడుగురాళ్ల సున్నం చేతికందే దూరంలో ఉన్న పల్నాడుకు ఇది దిగుమతి ఆలోచన కాదు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేయడం ఉత్తమం. వర్షాలకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి. పై లెక్క తెలియనివారిని ఆశ్చర్యపరిచే ఫలితం ఒకటి దీనివల్ల కలుగుతుంది. యంత్రశక్తిలో ఎనిమిది పదోవంతులుగా ఉన్న భారం సున్నం వేశాక సగానికి దిగిందనుకుంటే, కరెంటు బిల్లు తగ్గుతుంది, ట్రిప్‌లు ఆగుతాయి, గంటకు కటాఫ్‌ల సంఖ్య మాత్రం పెరుగుతుంది! అది చూసి సున్నం వల్ల ఏసీ పాడైందని భావించే అవకాశం ఉంది. అప్పుడు చేయవలసింది, పాత యంత్రం ఆయుష్షు తీరాక దాని స్థానంలో అరటన్ను తక్కువ శక్తి గలది తెచ్చుకోవడం.